ఉత్తుత్తి కంబం

ఉత్తుంగదేశపు రాజధాని కీర్తినగరానికి ఏ దారిన వచ్చినా మూడామడల దూరం నుంచే మహాసభా భవనం కనబడుతుంది. చూడకుండా తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. నల్లరాతి గోడలు, వాటి మీద తెల్లసున్నపు పిట్టగోడలు, ఆ పైన రాగిరేకు తొడిగిన గుమ్మటం, దాని నెత్తిన ఇంకో గుమ్మటం, దాని నెత్తిన మరొకటి, ఇలా మొత్తం ఐదు. అలిగిన సవతులు ఒకే మంచమెక్కి కూర్చున్నట్టు ఏదీ ఇంకోదాని వంక చూడదు. ఒకటి తూర్పుకు వాలితే దాని మీదిది పడమటికి వాలింది. ఐదుగురు రాజులు తలా ఒకటి కట్టించి స్వర్గానికి వెళ్ళారు. ఆరోవాడు అశేషకీర్తి మహారాజు ఆరో గుమ్మటానికి ముహూర్తం పెట్టించాడు. ఆ ముహూర్తం ఈ రోజే, మిట్టమధ్యాహ్నం నగారా మోగే వేళకు.

భవనం మెట్ల ముందు నిలబడ్డ మైలారుకు అదంతా చూసి నవ్వు రావాలి. రాకుండా పళ్ళు బిగించుకున్నాడు. నవ్వడం ఇక్కడే అలవాటైతే లోపల కూడా నవ్వు వస్తుంది, లోపల నవ్వితే రాయి అయిపోతాడు.

ఆ సంగతి కీర్తినగరంలో పాలుతాగే పసివాడికి కూడా తెలుసు. భవనాన్ని చూసి జనం నవ్వుతున్నారని రాజుగారు అన్నం మాని కుమిలిపోతుంటే, ఆస్థాన మాంత్రికుడు కాకోలుడు సభ గడప కింద ఒక యంత్రం పాతాడు. గడప దాటి లోపల నవ్వినవాడు నవ్విన చోటనే సున్నపురాయి బొమ్మ అవుతాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నవ్వు పుట్టకుండా కట్టడం చేతకాక నవ్వేవాళ్ళ మీద పడ్డారు. అలా బొమ్మలైన వాళ్ళు నలభైమంది.

వాళ్ళలో ఒకతె మైలారు అక్క కామసాని. తరతరాలుగా రాతిపని చేసే ఇల్లు వాళ్ళది. తల్లి పోయాక తమ్ముణ్ణి వీపున కట్టుకుని ఉలిపని చేసి సాకిన మనిషి ఆమె. ఏడాది కిందట సభకప్పు కారుతోందని మరమ్మతుకు పిలిపించారు. వెళ్ళింది. అక్కడ ఆస్థాన చరిత్రకారుడు స్తోత్రశర్మ భవన ప్రశస్తి చదువుతున్నాడు. కామసాని ముందు ముక్కుతో గుర్రుమంది. ఆమె నవ్వు ఎప్పుడూ అలాగే మొదలవుతుంది. తరవాత నడుం మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆరో గుమ్మటానికి సున్నం కావాలి. సున్నపురాయి కోసం గనులదాకా పోవడం దేనికి, సభలోనే నలభై బొమ్మలు పడి ఉన్నాయి కదా అని రాజుగారికి తోచింది. ఉత్తరపు గోడ కింద బట్టీ కట్టించారు. నగారా మోగగానే మొదటి బొమ్మ నిప్పుల్లోకి దిగాలి. కాలి సున్నమైన మనిషిని ఏ మంత్రమూ వెనక్కి తేలేదు. అందుకే మైలారు ఈ పూట వచ్చాడు. రేపు వచ్చి చేసేదేమీ లేదు.

కాకోలుడు చస్తే మంత్రం విడిపోతుంది. కాని వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. పాతకాలపు మాంత్రికులు ఏడు సముద్రాల అవతల ఏ చిలకలోనో తుమ్మెదలోనో ప్రాణం దాచుకునేవాళ్ళు. ఎవడో ఒక రాకుమారుడు పోయి దాని మెడ విరిచేవాడు. కాకోలుడు తెలివిమీరినవాడు. సభ నడిమధ్యన ఉన్న రాజ్యాధార స్తంభంలో ప్రాణం దాచి, దాచిన సంగతి తనే దండోరా వేయించాడు. ఐదు గుమ్మటాల బరువూ ఆ స్తంభం మీదనే ఉందట. దాన్ని పడగొడితే కప్పు కూలి రాజుతో సహా అందరూ నుగ్గునుగ్గవుతారట. దమ్ముంటే రండి అన్నాడు. ఎవడొస్తాడు? అప్పటినుంచి రాజుగారు ఆ స్తంభానికి బంగారు రేకు తొడిగించి, చుట్టూ కాపలా పెట్టించి, కాకోలుడు తుమ్మితే తానే ముందు "చిరంజీవ" అంటున్నారు.

మైలారు ఇంట్లో మాత్రం ఆ స్తంభానికి ఇంకో పేరుంది. దాని సంగతి దాని దగ్గరికి పోయాక చెప్పుకుందాం.

సువర్ణద్వీపం నుంచి వచ్చిన వాస్తు మహాపండితుడు భువనబ్రహ్మ అని మైలారు పేరు మార్చుకున్నాడు. ముప్పై మూరల పట్టుతలపాగా చుట్టాడు. పండితుడి చదువు ఎంతో తలపాగా కొలత చూసి తేల్చే ఊరు అది. చేతిలో పట్టుగుడ్డ చుట్టిన దండం. బుగ్గలో ఏడు మిరియాలు. నవ్వు పొంగినప్పుడు ఒకటి కొరికితే కళ్ళనీళ్ళు వస్తాయి, నవ్వు దిగిపోతుంది. ఈ చిట్కా అతనే కనిపెట్టి వారం రోజులు సాధన చేశాడు.

కావలివాడు దండం ఎత్తి చూసి మొహం చిట్లించాడు. "ఏమిటి స్వామీ, ఇంత బరువుంది?"

"నలభై ఏళ్ళ తపస్సు నాయనా. తేలిగ్గా ఎందుకుంటుంది?" అన్నాడు మైలారు.

కావలివాడు దండం కళ్ళకద్దుకుని ఇచ్చేశాడు.

మెట్ల కింద స్తోత్రశర్మ ఎదురొచ్చాడు. చేటంత నుదురు, గంట కొట్టినట్టు గొంతు. చదివింది తక్కువ, చదివినట్టు కనబడడం ఎక్కువ.

"విచ్చేయుడు పండితోత్తమా! ఈ నూట ఎనిమిది సోపానములను రెండవ ప్రభువు ధైర్యకీర్తి మహారాజులవారు నిర్మింపజేసినారు. అంతకు పూర్వము సభ నేలమట్టమున నుండుటచే వృద్ధులు, వితంతువులు, కుంటివారు వచ్చి నిత్యము మొరలు పెట్టుకొనుచుండిరి. సోపానములు కట్టిన పిమ్మట పదేండ్లలో ఒక్క వృద్ధుడైనను మొర పెట్టలేదు! ప్రజలు ఎంత సుఖముగా నుండిరో తమరే ఊహించుకొనుడు!"

మైలారు మొదటి మిరియం కొరికాడు. శర్మ యాభయ్యో మెట్టు దగ్గర ఆగి రొప్పుతూ, ఇక్కడ ఆగి రొప్పడం కూడా సంప్రదాయమేనని చెప్పాడు.

గడప దాటగానే చీకటి. బయట పట్టపగలు ఎండ మండుతుంటే లోపల నూనెదీపాలు పొగలు కక్కుతున్నాయి. గోడల్లో నలభై ఎనిమిది కిటికీలు ఉన్నాయి, అన్నీ రాళ్ళతో పూడ్చి ఉన్నాయి. మూడో రాజు శౌర్యకీర్తి మీసం సరిగా మొలవక పెట్టుడు మీసం పెట్టుకునేవాడు. ఒకనాడు నిండు కొలువులో గాలి వీచి ఆ మీసం ఎగిరి సేనాపతి భుజం మీద వాలింది. మర్నాడే కిటికీలన్నీ మూయించాడు. రాళ్ళు పేర్చింది మైలారు తాతలే కనుక ఆ కథ ఇంట్లో అందరికీ తెలుసు.

"అంధకారమందు రాజు, పేద ఇరువురును సమానులే యను ధర్మసూక్ష్మమును శిలలయందు చాటిన మహానుభావుడు!" అన్నాడు శర్మ కన్నీళ్ళతో.

ఒకేసారి రెండు మిరియాలు పోయాయి.

తలెత్తి చూస్తే మాత్రం మైలారు గుండె పొంగింది, అది నవ్వు కాదు. పాత కట్టడం, తన ముత్తాతలు కట్టింది, ఆ చెత్తంతటి కిందా చెక్కుచెదరకుండా ఉంది. నల్లరాతి కంబాలు వరుసకు పది చొప్పున పది వరుసలు. ఒక్కో కంబానికి పదహారు పలకలు, పలక పలకకూ అద్దంలాంటి నునుపు. రాయికీ రాయికీ మధ్య చీమ దూరే సందు లేదు. దూలాల చివర్లలో చెక్కిన చిలకలు, హంసలు, వాటి ఈకల్లో ఈనెలు కూడా కనబడుతున్నాయి. మసిపట్టి, పైన రంగులు పూసి, జెండాలు వేలాడదీసి పాడుచేసినా, కట్టినవాడి చెయ్యి ఎక్కడా దాగలేదు. బతికుంటే ఆ ముసలాళ్ళు ఈ ఐదు గుమ్మటాలు చూసి ఏమనేవాళ్ళో అనుకున్నాడు మైలారు. మర్యాదగా మాత్రం అనరు.

అంతలో అతని ముక్కు మీద నీటిచుక్క పడింది. నాలుగో రాజు వీర్యకీర్తి తొడిగించిన రాగిరేకుల అతుకులు ఏనాడూ కుదరలేదు. నిన్నటి వాన ఈ రోజు కురుస్తోంది. సింహాసనాన్ని ఏడుసార్లు జరిపారు, ధార కూడా ఏడుసార్లు జరిగింది. చివరికి రాజుగారు సభలో కూడా గొడుగు వేయించుకుని కూర్చుంటున్నారు. పరదేశపు రాయబారులు అది రాజలాంఛనమని రాసుకుపోయారు.

"ఆకాశగంగావతరణము!" అని శర్మ ఆ నీటిచుక్కను తన నెత్తిన చల్లుకున్నాడు. "భగీరథుడు తపస్సు చేసి తెచ్చినాడు. మా ప్రభువు తపస్సు లేకయే తెచ్చినాడు!"

ఇంకో రెండు మిరియాలు. బుగ్గలో మిగిలినవి రెండే. మైలారుకు చెమటలు పట్టాయి, కొంత కారానికి, కొంత భయానికి.

దక్షిణపు గోడ వెంట పీటల మీదికి చేర్చిన బొమ్మలున్నాయి. నోళ్ళు తెరిచిన వాళ్ళు, పొట్టలు పట్టుకున్న వాళ్ళు, ఒకరి భుజం మీద ఒకరు వాలిన వాళ్ళు. పాలమ్మే ముసలమ్మ ఒకతె తల మీద కుండతో సహా నవ్వుతోంది. వాళ్ళ మధ్య బండలు లాగే కూలీలు మోకులు పట్టుకుని నిలబడ్డారు, నగారా కోసం ఎదురుచూస్తూ.

"వీరు భవన సౌందర్యమునకు పరవశించి శాశ్వతముగా ఇచ్చటనే నిలిచిపోయిన అతిథులు," అన్నాడు శర్మ, ఈసారి కొంచెం గొంతు తగ్గించి.

మైలారు వరుసంతా చూశాడు. కొసన ఒక పీట ఖాళీగా ఉంది. దాని మీద అక్క పాదాల గుర్తులు ఉన్నాయి.

"ఇక్కడి బొమ్మ ఏదీ?" అన్నాడు.

"అది మొదటి బొమ్మ. ఇప్పుడే దించినారు. రండి, చూపించెద. భవిష్యద్ద్వారమును కూడ చూచినట్లుండును."

ఉత్తరపు గోడలో నిలువెత్తు గుమ్మం ఒకటి, చందనపు తలుపులతో. ఐదో రాజు స్థైర్యకీర్తి దాన్ని పెట్టించాడు, మెట్లకు ఆజ్ఞ ఇవ్వకముందే పోయాడు. తలుపు తీస్తే అవతల గాలి తప్ప ఏమీ లేదు. కింద నలభై మూరల లోతున నేల. శర్మ తలుపులు బార్లా తీశాడు. "భవిష్యత్తు నిట్లే యుండును గదా! తెరచిన నేమియు కానరాదు!"

మైలారుకు కనబడవలసింది కనబడింది. గుమ్మం పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చిన దూలం, దానికి బండలు ఎత్తే కప్పీ. కప్పీ మీదుగా మోకు. మోకు ఒక కొసన, నిప్పులు కక్కే బట్టీ నోటికి పది మూరల పైన, నడుం మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి అక్క వేలాడుతోంది. రెండో కొస పట్టుకుని కింద పదిమంది కూలీలు కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డారు. నగారా దగ్గర కోల పట్టుకుని ఒకడు సూర్యుడి వంక చూస్తున్నాడు.

మైలారు వెనుదిరిగాడు. "శర్మగారూ, రాజ్యాధార స్తంభం చూపించండి. త్వరగా."

అప్పటికి రాజుగారు గొడుగు కింద కొలువుతీరారు. పక్కన కాకోలుడు. తాటిచెట్టంత మనిషి, ఎండుచేప వాసన, మెడలో ఎలుక పుర్రెల దండ. ఊళ్ళోవాళ్ళు అవి పులిపిల్లల పుర్రెలనుకుంటారు.

సభ నడిమధ్యన బంగారు రేకుతో, మల్లెదండలతో, చుట్టూ ఈటెల కాపలాతో ఆ స్తంభం నిలబడి ఉంది. శర్మ సాష్టాంగపడి లేచాడు. "ఇదే రాజ్యాధారము! ఆదిశేషుడు భూమిని మోసినట్లు ఐదు గుమ్మటములను, ఆరుగురు రాజుల కీర్తిని ఒంటరిగా మోయుచున్నది!"

ఇక ఆ పేరు సంగతి చెప్పవచ్చు. రాతిపని వాళ్ళు దాన్ని ఉత్తుత్తి కంబం అంటారు.

మొదటి రాజు ఆదికీర్తి కాలంలో వంద కంబాలతో సభ పూర్తయింది, కప్పు కూడా పడింది. అప్పుడు పొరుగు రాజు సభలో కూడా వందే ఉన్నాయని ఎవడో చెవిలో ఊదాడు. రాజుగారు అగ్గిమీద గుగ్గిలమై నూట ఒకటో కంబం నడుమ నిలబెట్టమన్నాడు. "కప్పు పడ్డాక కంబం ఎట్లా దూరుతుంది దొరా?" అని మైలారు ముత్తాత మొత్తుకున్నాడు. దూరకపోతే నీ తల దూరుతుందన్నాడు రాజు. ముత్తాత ఏం చేస్తాడు? రెండు వేళ్ళు పొట్టిగా కంబం చెక్కాడు. నేల మీద నాలుగు చండ్రకర్ర చీలలు పెట్టి వాటి మీద నిలబెట్టాడు. పైన మిగిలిన సందులో సున్నంతో తామరపువ్వు చేసి కప్పాడు. అది దేన్నీ మొయ్యదు. దాన్నే చీలలు మోస్తున్నాయి. ఆ ఇంట్లో పిల్లల చేతికి మొదటి ఉలి ఇచ్చే రోజున ముందు ఈ కథ చెప్పి, బయట అంటే తల పోతుందని ఒట్టు వేయించుకుంటారు. రాజులు శాసనాలు చెక్కించుకున్నారు, పండితులు చదివారు, మాంత్రికుడు అది నమ్మి ప్రాణం పెట్టుకున్నాడు. కట్టినవాణ్ణి ఒక్క మాట అడిగినవాడు లేడు.

మైలారు బుగ్గలో మిగిలిన రెండు మిరియాలూ శర్మ మాటలకే నలిగిపోయాయి. కాకోలుడు లేచి, మెల్లగా నడిచి వచ్చి, అతని కళ్ళలోకి చూశాడు.

"కళ్ళలో నీళ్ళు, మూతి వంకర. ఏం పండితా, నవ్వొస్తోందా?"

వస్తోంది. గొంతుదాకా వచ్చింది. ఐదు తరాల మూర్ఖత్వం బంగారు రేకు కట్టుకుని ఎదురుగా నిలబడితే ఎవడు మాత్రం ఆపుకుంటాడు? మైలారు దక్షిణపు గోడ వైపు చూశాడు. ఖాళీ పీట కనబడింది. నవ్వు ఎక్కడిదక్కడ చల్లారిపోయింది, దాని చోట కోపం వచ్చింది.

"నాకో సందేహం మాంత్రికా," అన్నాడు. "బరువు మోసే రాయిని కొడితే పలకదు. మొయ్యని రాయే మోగుతుంది. మీ రాజ్యాధారం ఏమంటుందో విందాం."

కాపలావాళ్ళు కదిలేలోగా దండం తిప్పి ఒక్క దెబ్బ వేశాడు. పట్టుగుడ్డ చిరిగి లోపలి పలుగు బయటపడింది. స్తంభం ఖంగుమంది. ఆ మోత వంద కంబాల మధ్య తిరిగి తిరిగి గానీ ఆగలేదు.

కాకోలుడు గుండె పట్టుకున్నాడు. బొమ్మల దగ్గర నిలబడ్డ కూలీల్లో సంజప్ప అనే ముసలివాడు తలెత్తాడు. "ఓర్నీ! మా అబ్బ సెప్పిన ఉత్తుత్తి కంబం ఇదేనా ఏంది?"

"ఇదే పెద్దాయనా! పట్టు ఒక చెయ్యి!" అని అరిచాడు మైలారు.

"చంపండి వాణ్ణి!" అని రాజుగారు కేక వేశారు. మరుక్షణమే, "ఆగండి, స్తంభానికి తగులుతుంది!" అని ఇంకో కేక. కాపలావాళ్ళ ఈటెలు లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి. ఆ సందులో మైలారు మోకాళ్ళ మీద కూలబడి పలుగుతో బంగారు రేకు చీల్చాడు. మొదటి చీల ఎగిరిపోయింది. రెండోది ముక్కలైంది. స్తంభం ఒక వైపుకు వంగింది. పైన తామరపువ్వు పగిలి సున్నం రాలింది.

అంతే. "కప్పు కూలుతోంది!" అన్నాడు ఎవడో. మంత్రులు, సామంతులు, కవులు, కాపలావాళ్ళు, అందరికన్నా ముందు స్తోత్రశర్మ, గడప మీద పడ్డారు. నూట ఎనిమిది మెట్ల మీద ఒకరి మీద ఒకరు దొర్లి ఇరుక్కుపోయారు. ముసలివాళ్ళు ఎక్కలేని మెట్లు దొరలకు దిగడానికీ పనికిరాలేదు.

కాకోలుడు పుర్రెల దండ తెంపి విసిరాడు. "ముప్పై మూరల పట్టూ, పామువై లే!"

మైలారు నెత్తిన తలపాగా బుస్సుమంది. ముప్పై మూరల కొండచిలువ, గోడంత లావు, అతని మెడ చుట్టూ బిగిసింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పలుగు జారిపోయింది. చేతికి తగిలింది స్తంభమొక్కటే. మైలారు దాన్నే వాటేసుకున్నాడు. కొండచిలువకు మనిషైతేనేం కంబమైతేనేం, నిలువుగా ఉన్నదాన్ని చుట్టుకోవడమే దాని పని. రెండు చుట్లు కంబానికి వేసింది, మెడ కొంచెం వదులైంది. మైలారు తల లాగేసుకుని చుట్ట కిందనుంచి దొర్లి బయటపడ్డాడు.

"సంజప్పా! తోక పట్టండి!"

"పామునా?"

"మోకనుకో!"

బండలు లాగేవాళ్ళకు ఒకసారి మోకు అన్నాక అది మోకే. ఇరవైమంది తోక పట్టుకున్నారు. "హైలెస్సా!" అన్నాడు సంజప్ప. "హైలెస్సా!" అన్నారు అందరూ. పాము బిగించేకొద్దీ పట్టు గట్టిపడింది. కాకోలుడు "వదులు, వదులు!" అని తన పాము కాళ్ళే పట్టుకోబోయాడు, దానికి కాళ్ళు లేవు. మైలారు మూడో చీల కింద పలుగు దూర్చి మీద నిలబడ్డాడు.

రాజ్యాధార స్తంభం ఒరిగి, ఒక క్షణం ఆలోచించి, నేలకు పడింది. నడిమికి రెండుగా విరిగింది. పై సగం పిండిపిండి అయింది, కింది సగం దొర్లుకుంటూ పోయి సింహాసనానికి తగిలి ఆగింది. కొండచిలువ చిరిగిన పట్టుగుడ్డయి కూలీల చేతుల్లో మిగిలింది.

రాజుగారు సింహాసనం కింద దూరి, గొడుగు అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని కప్పు కోసం ఎదురుచూశారు. కప్పు రాలేదు. వంద కంబాలూ ఎప్పటిలాగే మోస్తున్నాయి. పైన కారే నీళ్ళు కూడా ఎప్పటిలాగే కారుతున్నాయి.

అప్పుడు దక్షిణపు గోడ దగ్గర ఒక నవ్వు మొదలైంది. దాని వెంట ఇంకొకటి. ఏళ్ళ తరబడి నోళ్ళలో గడ్డకట్టిన నవ్వులన్నీ ఎక్కడ ఆగాయో అక్కణ్ణుంచే అందుకున్నాయి. పాలమ్మే ముసలమ్మ కుండ కింద పెట్టి మరీ నవ్వింది. ముప్పైతొమ్మిది మంది, పొట్టలు పట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకుని, సింహాసనం కింద గొడుగు చూసి మళ్ళీ మొదలుపెట్టారు.

మైలారు నవ్వలేదు. చెవులు రిక్కించాడు. ఆ ముప్పైతొమ్మిదిలో గుర్రుమని మొదలయ్యే నవ్వు లేదు.

బయట నగారా మోగింది.

అతను భవిష్యద్ద్వారం దగ్గరికి పరుగెత్తాడు. ఆ నగారా మోతలోంచి, పొగలోంచి, గుర్రుమని ఒక చప్పుడు వినబడింది. ఆనందంతో మైలారుకు ఏడుపొచ్చింది. కింద పదిమందీ బండ బరువుకని కాళ్ళు తన్నిపెట్టి లాగుతున్నారు. బండ కాస్తా మనిషైపోయేసరికి పదిమందీ వెల్లకిలా పడ్డారు. మోకు వాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది. కామసాని బట్టీలోకి పడుతోంది. వదులైన కొస పామును మించి బుసకొడుతూ కప్పీ వైపు పైకి వస్తోంది.

మెట్ల దారిన పోదామంటే అక్కడ రాజ్యమంతా ఇరుక్కుని ఉంది. మైలారు గుమ్మంలోంచి గాలిలోకి దూకాడు. ఆ ద్వారం పెట్టించాక దాని గుండా బయటికి వెళ్ళిన మొదటి మనిషి అతనే.

మోకు కొస చేతికందింది. అరచేతుల తోలు లేచిపోయింది. అతను కిందికి జారాడు, ఆమె పైకి లేచింది. కప్పీ కీచుమని ఆగింది. బట్టీ నోటికి ఐదు మూరల పైన, అక్కా తమ్ముడూ ఎదురెదురుగా, త్రాసులో సిబ్బెల్లాగా ఊగసాగారు.

కామసాని అతని మొహం చూసింది, నెత్తి మీద తలపాగా చుట్టిన గుర్తు చూసింది, పైన గుమ్మం చూసింది.

"ఏరా మైలారూ, నువ్వు యాడనుంచి వస్తివి?"

"ఆ గుమ్మంలోంచే అక్కా."

"దానికి మెట్లు కట్టలేదా ఇంకా?"

"భవిష్యత్తులో కడతారంట."

కామసాని ముక్కుతో గుర్రుమంది.

పైన గుమ్మంలో ఏదో రాయి నేల మీద ఈడ్చిన చప్పుడైంది. కాకోలుడు సగమే చచ్చాడు, మంత్రం విడిపోవడానికి ఆ సగం చాలింది. మాంత్రికులు ప్రాణాన్ని తలకిందులుగా దాచుకుంటారు. పిండి అయిన పై సగం వాడి కాళ్ళది, మిగిలిన కింది సగం వాడి తలది, చేతులది. నడుం కింద అంతా రాయి అయిపోయి, మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడు. పళ్ళ మధ్య కత్తి. దూలం పట్టుకుని కిందికి వంగి, వేలు చూపించి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని మంత్రం చదివాడు.

"నవ్వినవాళ్ళు రాయి అవుదురు గాక!"

మైలారు అక్క వంక చూశాడు. అక్క అతని వంక చూసింది. కింద నిప్పులు, పైన కత్తి, నడుమ ఒక్క మోకు. కాకోలుడు కత్తి చేతిలోకి తీసుకుని మోకు మీద పెట్టాడు. మొదటి పురి పుటుక్కుమని తెగింది.

పొద్దుటినుంచి ఏడు మిరియాలతో ఆపుకున్న నవ్వంతా అప్పుడు మైలారు నోట్లోంచి వచ్చింది. కామసాని అందుకుంది. ఇద్దరూ ఊగిపోతూ నవ్వారు, బట్టీ చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. ఎవ్వరూ రాయి కాలేదు. ఆ నవ్వుకు కాకోలుడి చేతిలోంచి కత్తి జారి నిప్పుల్లో పడింది.